ముందుమాట నువ్వే రాసుకో

చిరంజీవి అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. మొదటి కథల సంపుటి అచ్చుకు వెళ్తోందని ఒక్క వాక్యంలో తేల్చేసి, మిగతా పేజీ నిండా సంజాయిషీ రాశావు. ఏదో గీకావట, నలుగురికీ చెప్పుకోవాలంటే సిగ్గేస్తోందట.

ఆత్మస్తుతి పాపమని మనకు చిన్నప్పుడే నూరిపోశారు, ఆడపిల్లలకు ఇంకాస్త ఎక్కువగా. ఆఫీసులో మన పని పక్కవాడి ఖాతాలో పడ్డా నోరు మెదపం, దానికి వినయమని పేరు పెట్టుకుంటాం. పూర్వ కవులు అలా నోరు కట్టుకుని కూర్చోలేదు. శ్రీనాథుడు కాశీఖండంలో, చిరుత కూకటి నాటి నుంచి, అంటే చిన్న పిలక ఉన్న పసితనం నుంచి, ఏ వయసులో ఏ కావ్యం చెప్పాడో వరసపెట్టి చెప్పుకున్నాడు. తనలాంటి శిష్యుడు దొరికే భోగం నన్నయకూ తిక్కనకూ లేదు, తన గురువు చెళ్లపిళ్ల వారికే దక్కిందన్నాడు విశ్వనాథ. గురువుకు దండం పెడుతూనే తన భుజం తట్టుకున్నాడు మహానుభావుడు! అది మనకు అరగదు, వదిలెయ్.

పోతన దగ్గర ఆగు. పలికించేవాడు రామభద్రుడని తల వంచిన మనిషే, నన్నయ తిక్కనాదులు భాగవతాన్ని తెనిగించకపోవడం తన పూర్వపుణ్యమన్నాడు. తాను గొప్పవాడినని ఆ మాటలో లేదు. ఇదివరకు ఎవరూ చెయ్యని పని తలకెత్తుకున్నానన్న సంగతి మాత్రం దాచలేదు. నువ్వు చెప్పుకోవలసిందీ అంతే.

నాకు చిరాకు వేరే వాళ్ల మీద. తమ గురించి తాము ఒక్క ముక్క చెప్పుకోరు, కానీ ఆవిష్కరణ సభ పెట్టించి, శాలువాలు తామే కొనిచ్చి, రెండు గంటలు పొగిడించుకుంటారు. వక్తల్లో పుస్తకం చదివినవాళ్లు ఒకరుంటే అదృష్టం. రచయిత చేతులు కట్టుకుని కూర్చుంటాడు కాబట్టి ఎంత నిగర్వో అంటాం. డప్పు ఆయనదే, కొట్టేవాడు అద్దె మనిషి.

నువ్వే చెప్పు. పుస్తకం పేరు, వెల, దొరికే చోటు, కథలు ఏ ఊరివి, ఎవరివి. నచ్చిన పేరా ఒకటి జత చెయ్. అద్భుతం, అపూర్వం లాంటి మాటలు చదివినవాళ్లకు వదిలెయ్. హైదరాబాద్ పుస్తక ప్రదర్శన మొదలైనప్పుడు స్టాలు నంబరుతో ఇంకోసారి చెప్పు. వాట్సాప్ గ్రూపుల్లో రోజూ మాత్రం వద్దు, నేనే బ్లాక్ చేస్తాను. అసలు చెప్పకపోతే ఆ కట్టలు మంచం కిందే ఉంటాయి. తెలుగులో చాలామంది రచయితల ఇళ్లలో ఉన్నట్టే.

ఎవరైనా బాగుందంటే "అబ్బే, ఏముందండీ అందులో" అనకు. డబ్బు పెట్టి కొని, నిద్ర మానుకుని చదివినవాళ్లను తెలివితక్కువవాళ్లని అన్నట్టవుతుంది. సంతోషమని చెప్పి, ఏ కథ నచ్చిందో అడుగు. అణకువ చూపించాలనుంటే ఎడిటర్ దగ్గర చూపించు. చివరి పేజీ తీసెయ్యమంటే పోట్లాటకు దిగకుండా, ఒకసారి తీసేసి చదివి చూడు.

ఇక నువ్వడిగిన ముందుమాట. నేను రాయను. రాస్తే నిన్ను పొగడాలి, ఆ పొగడ్త నువ్వే అడిగి రాయించుకున్నావని అందరికీ తెలుస్తుంది. నీ కథల్లోని ఆ మగ్గాల వీధి నీకెలా తెలుసో, అక్కడి మనుషుల గురించి ఇతరులు రాయనిది నువ్వేం రాశావో రెండు పేజీల్లో నువ్వే చెప్పు. పంపితే దిద్దిపెడతాను. పుస్తకం మాత్రం ఊరికే పంపకు, వెల ఎంతో రాయి.

ఆశీస్సులతో,
పిన్ని