కెమెరాను దగ్గరి షాపులో కొనాలా, ఆన్‌లైన్‌లో కొనాలా?

ప్రశ్న: ఉద్యోగం చేస్తూ సెలవు రోజుల్లో ఫొటోలు తీస్తుంటాను. ఇంతకాలం స్నేహితుడి కెమెరాతో నెట్టుకొచ్చాను. ఇప్పుడు డబ్బు తీసుకుని రెండు ఫంక్షన్లకు ఫొటోలు తీయడానికి ఒప్పుకున్నాను. మొదటిది ఆరు వారాల్లో ఉంది. రెండేళ్లుగా దాచిన డబ్బుతో ఒక ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరా బాడీ, రెండు లెన్సులు కొనాలనుకుంటున్నాను. దగ్గరి షాపులో చెప్పిన మొత్తాన్ని 100 అనుకుంటే అందులో బాడీ 48, మొదటి లెన్స్ 30, రెండో లెన్స్ 22. ఇవే మూడూ కంపెనీ గుర్తింపు ఉన్న ఆన్‌లైన్ స్టోర్‌లో 93కి వస్తున్నాయి. ఇంకో వెబ్‌సైట్‌లో 78కే ఇస్తామంటున్నారు. నా దగ్గర ఉన్నది 80. షాపులో కొంటే మిగతాది అత్యవసర నిధిలోంచి తీయాలి, లేదంటే ఈఎంఐ పెట్టుకోవాలి. 78కి దొరుకుతున్నప్పుడు అంత ఎక్కువ పెట్టడం అవసరమా?

జవాబు: మీ ఉత్తరం చదివి నేను ముందుగా కాగితం మీద రాసుకున్న అంకె 6. మొదటి ఫంక్షన్‌కు మిగిలిన వారాలు.

సరదాకి కొంటున్నానని రాసి ఉంటే నా జవాబు వేరేగా ఉండేది. సరదా కెమెరా నెల రోజులు సర్వీస్ సెంటర్‌లో పడి ఉన్నా పెద్ద నష్టం లేదు. మీరు ఒకరికి మాట ఇచ్చారు, డబ్బు ఒప్పుకున్నారు. ఆ రోజు కెమెరా మొరాయిస్తే వాళ్ల ఫంక్షన్ మళ్లీ జరగదు. కాబట్టి ఈ మూడు ధరలనూ చూసేటప్పుడు, వస్తువు చెడిపోతే మీ పక్కన ఎవరు నిలబడతారన్నది కూడా ధరలో భాగంగానే లెక్కపెట్టాలి.

ముందు 78 సంగతి చూద్దాం. కెమెరా కంపెనీలు ఒక్కో దేశంలో ఒక్కో పంపిణీదారు ద్వారా, అక్కడి ధరకు అమ్ముతాయి. ధర తక్కువగా ఉన్న చోట కొని, ఆ పంపిణీదారుతో సంబంధం లేకుండా వేరే చోటికి తెచ్చి అమ్మితే దాన్ని గ్రే మార్కెట్ సరుకు అంటారు. అది నకిలీ కాదు, అదే కంపెనీ తయారుచేసిన అసలు కెమెరానే. చిక్కంతా తర్వాత వస్తుంది. చాలా కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం. నికాన్ అమెరికా విభాగమైతే గ్రే మార్కెట్ కెమెరాలను మనం డబ్బు కడతామన్నా రిపేరు చేయబోమని బహిరంగంగానే చెప్పింది.

ఆ వెబ్‌సైట్‌లో చిన్న అక్షరాలు ఒకసారి చదవండి. 'ఇంటర్నేషనల్ వెర్షన్' అనో, 'సెల్లర్ వారంటీ' అనో ఉంటే విషయం అర్థమైనట్టే. సెల్లర్ వారంటీ అంటే కెమెరా చెడిపోయినప్పుడు వాళ్లు తమకు తెలిసిన మెకానిక్‌కు పంపిస్తారు, అది కూడా అప్పటికి ఆ వెబ్‌సైట్ ఉంటేనే. కొందరు పెట్టెలోంచి బ్యాటరీ, ఛార్జర్ తీసేసి వాటిని 'కిట్' పేరుతో విడిగా అమ్ముతారు. మరికొందరు ఆర్డర్ పెట్టాక ఫోన్ చేసి ఖరీదైన బ్యాటరీ, మెమరీ కార్డు అంటగట్టాలని చూస్తారు. వద్దంటే కెమెరా స్టాక్ లేదంటారు. డబ్బు బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌లోనే పంపమని అడిగితే అక్కడితో ఆపేయండి. క్రెడిట్ కార్డుతో కడితే సరుకు రానప్పుడు బ్యాంకులో ఫిర్యాదు పెట్టి డబ్బు వెనక్కి అడిగే దారి ఉంటుంది. మనమే ట్రాన్స్‌ఫర్ చేసిన డబ్బుకు ఆ దారి దాదాపు ఉండదు.

93కి, 78కి మధ్య 15 తేడా ఉంది. చిన్న మొత్తం కాదని ఒప్పుకుంటాను. కానీ సెన్సర్ గానీ మెయిన్ బోర్డు గానీ పోతే రిపేరు ఖర్చు బాడీ ధరలో పెద్ద భాగాన్ని తినేస్తుంది. వారంటీ లేకపోతే అదంతా మీ జేబులోంచే పోవాలి. దానికి తోడు చేతిలో ఉన్న ఆర్డర్ పోతుంది, పేరు పోతుంది.

ఈ మాట నా అనుభవంతోనే చెబుతున్నాను. కొన్నేళ్ల కిందట ఆన్‌లైన్‌లో తక్కువకు వస్తోందని ఒక లెన్స్ కొన్నాను. ప్రయాణం ముందు కొని, ప్రయాణంలోనే మొదటిసారి వాడాను. ఇంటికొచ్చి పెద్ద తెరమీద చూస్తే ప్రతి ఫొటోలోనూ ఎడమ పక్క మసకగా ఉంది. లోపలి గాజు ముక్కల్లో ఒకటి కాస్త పక్కకు కూర్చుంటే ఇలా అవుతుంది, దీన్ని డీసెంటరింగ్ అంటారు. పేరున్న కంపెనీల లెన్సుల్లో కూడా అప్పుడప్పుడూ ఒకటి ఇలా వస్తుంది. అప్పటికి రిటర్న్ గడువు దాటిపోయింది. వారంటీ కోసం అడిగితే అమ్మినవాళ్లు జవాబే ఇవ్వలేదు. మిగిలిందనుకున్న డబ్బు కంటే ఎక్కువే ఆ లెన్స్ సరిచేయించడానికి పెట్టాను. అందుకే మీకు 78 వద్దని గట్టిగా చెబుతున్నాను.

ఇక మిగిలింది 100కీ 93కీ మధ్య ఉన్న 7. ఇక్కడ ఆలోచించడానికి చాలా ఉంది. షాపు అయితే మంచిది అని గుడ్డిగా చెప్పను. కొన్ని షాపుల్లో పెట్టె తెరిస్తే వెనక్కి తీసుకోరు. గుర్తింపు ఉన్న ఆన్‌లైన్ స్టోర్లలో రిటర్న్‌కు కొన్ని రోజుల గడువైనా ఉంటుంది. డిస్‌ప్లేలో పెట్టి పదిమంది చేతులు మారిన బాడీని కొత్తదని ఇచ్చే షాపులూ ఉన్నాయి. ఇంకోపక్క, పాడైన బాడీని మర్నాడే మార్చి ఇచ్చేవాళ్లూ, సర్వీస్‌కు వెళ్లినప్పుడు వాడుకోమని వేరే కెమెరా ఇచ్చేవాళ్లూ, రెండేళ్ల తర్వాత పాత బాడీ తీసుకుని కొత్తదాంట్లో తగ్గించేవాళ్లూ షాపుల్లోనే దొరుకుతారు. మీ షాపు ఏ రకమో తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు. "వారంలో ఇది చెడిపోతే మీరు మార్చి ఇస్తారా, సర్వీస్ సెంటర్‌కు వెళ్లమంటారా?" అని అడగండి. మార్చి ఇస్తామంటే ఆ మాట బిల్లు మీద రాయించుకోండి. అలాంటి షాపుకు 3, 4 ఎక్కువ ఇచ్చినా మీ పరిస్థితిలో అది మంచి ఖర్చే అంటాను. సర్వీస్ సెంటర్‌కే వెళ్లమంటే, ఎక్కువ ఇచ్చినందుకు మీకు దక్కేదేమీ లేదు. అప్పుడు ఆన్‌లైన్ స్టోర్‌లో కొనండి.

బేరం ఆడేటప్పుడు షాపువాళ్లకు 93 ధర చూపించండి, 78 చూపించొద్దు. గ్రే మార్కెట్ ధరకు వాళ్లు ఇవ్వలేరు, ఇవ్వమనడం న్యాయమూ కాదు. బాడీల మీద షాపుకు మిగిలేది తక్కువ. బ్యాగులు, ఫిల్టర్లు, బ్యాటరీల మీద కాస్త ఎక్కువ. అందుకే ధర తగ్గించలేనప్పుడు వస్తువు కలిపి ఇవ్వడానికి ఒప్పుకుంటారు. ఏదో ఒక చిన్న ట్రైపాడ్ ఇస్తే సంబరపడొద్దు. మీరు ఎలాగూ కొనాల్సిన కంపెనీ బ్యాటరీ, మంచి మెమరీ కార్డు అడగండి. బిల్లు లేకుండా అయితే ఇంకా తగ్గిస్తామంటే అక్కడినుంచి వచ్చేయండి. బిల్లు లేకపోతే వారంటీ లేదు.

ఇంకో మాట. షాపులో గంటసేపు కెమెరాలు చేతిలోకి తీసుకుని, సందేహాలన్నీ అడిగి తెలుసుకుని, బయటికి రాగానే ఫోన్‌లో ఆర్డర్ పెట్టడం నాకు నచ్చదు. ఆ మనిషి సమయానికి, తెలివికి విలువ ఉంది. ఆన్‌లైన్‌లో ఇంతకు వస్తోందని ముందే చెప్పి, ఎంతవరకు తగ్గగలరో వాళ్లనే చెప్పనివ్వండి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మీకు 20 తక్కువైంది రెండో లెన్స్ వల్ల. దాన్ని పక్కన పెడితే షాపు ధరకే బాడీ, మొదటి లెన్స్ కలిపి 78. మీరు గ్రే మార్కెట్‌లో పెడదామనుకున్న మొత్తం అదే! ఆన్‌లైన్ స్టోర్‌లో అయితే ఈ రెండూ 72, 73కి వచ్చేస్తాయి. షాపువాళ్లు కొంచెం తగ్గినా 75 ప్రాంతంలో పడుతుంది. మిగిలినదాంతో కార్డులు, అదనపు బ్యాటరీ వస్తాయి. అప్పు లేదు, అత్యవసర నిధి జోలికి వెళ్లే పని లేదు. రెండో లెన్స్ ఫంక్షన్ రోజుకు అద్దెకు తెచ్చుకుని, ఆ అద్దెను మీరు అడిగే ఫీజులో కలపండి. నాలుగైదు ఆర్డర్ల తర్వాత కూడా అదే లెన్స్ ప్రతిసారీ అద్దెకు తెస్తుంటే అప్పుడు కొనొచ్చు. చాలామంది రెండో లెన్స్‌గా కొన్నది బ్యాగులోనే ఉండిపోవడం చూశాను, నాకు బాధగా ఉంటుంది.

అత్యవసర నిధి గురించి ఎక్కువ చెప్పను. అది ఉద్యోగం పోయినప్పటికి, ఆస్పత్రి ఖర్చులకు. ఇంకా మొదలవని ఆదాయాన్ని నమ్మి దాన్ని తీయొద్దు.

ఈఎంఐ విషయంలో మాత్రం ఒక లెక్క చూడండి. 'వడ్డీ లేదు' అని రాసిన చోట, ఒకేసారి కడితే ఏమైనా తగ్గింపు ఉందా అని అడగండి. ఉదాహరణకు ఒకేసారి కడితే 6 శాతం తగ్గుతుంది, 12 నెలల ఈఎంఐకి మాత్రం పూర్తి ధర అనుకుందాం. అంటే 94 అప్పు తీసుకుని నెలకు 8.33 చొప్పున 100 తిరిగి కడుతున్నారు. అప్పు నెలనెలా తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి ఇది 6 శాతం వడ్డీ కాదు, ఏడాదికి 11 శాతం దాటుతుంది. వడ్డీ అనే మాట కాగితం మీద లేదు గానీ, వదులుకున్న తగ్గింపులో ఉంది.

డబ్బు బాడీ మీద కంటే లెన్స్ మీద పెట్టడం మేలని కూడా చెప్పాలి. బాడీకి కొత్త మోడల్ వచ్చిన రోజే ధర పడుతుంది. లెన్స్ అలా కాదు. లెన్స్‌ను బాడీకి బిగించే చోటును మౌంట్ అంటారు, అది త్వరగా మారదు. నికాన్ ఎఫ్ మౌంట్ 1959లో వచ్చింది, కెనాన్ ఈఎఫ్ 1987లో. 2018లో రెండు కంపెనీలూ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల కోసం జెడ్, ఆర్ఎఫ్ మౌంట్లు తెచ్చాయి. ఈఎఫ్ లెన్సులను అడాప్టర్‌తో (మధ్యలో బిగించే రింగు) ఆర్ఎఫ్ బాడీల మీద ఇప్పటికీ వాడుకుంటున్నారు. కాబట్టి మౌంట్‌ను ఆలోచించి ఎంచుకోండి. మీరు కొనేది నిజానికి ఆ కంపెనీతో చాలా ఏళ్ల సంబంధం.

రెండో లెన్స్ కొనే రోజు వచ్చినప్పుడు సెకండ్ హ్యాండ్ చూడొచ్చు. ఇది మాత్రం చేత్తో పట్టుకుని, చూసి కొనాల్సిందే. ఫోన్ టార్చ్ వెలుగులో లెన్స్ లోపల చూడండి. సాలెగూడులాంటి సన్నని పోగులు కనిపిస్తే అది ఫంగస్, వదిలేయండి. బాడీ అయితే షట్టర్ కౌంట్, అంటే ఇప్పటివరకు ఎన్ని క్లిక్కులు అయ్యాయో అడగండి. కెనాన్ 5డి మార్క్ 4 షట్టర్‌ను 1,50,000 క్లిక్కులకు, నికాన్ డి850 షట్టర్‌ను 2,00,000 క్లిక్కులకు పరీక్షించామని ఆ కంపెనీలు చెప్పాయి. ఫంక్షన్‌కు 2,000 ఫొటోలు అనుకుంటే 2,00,000 అంటే 100 ఫంక్షన్లు. ఇది గ్యారంటీ కాదు, ముందే పోవచ్చు, ఇంకా ఎక్కువ కాలం రావచ్చు. కానీ ధర తేల్చుకోవడానికి మంచి ఆధారం.

బ్యాగు, ట్రైపాడ్, తుడిచే గుడ్డ ఎక్కడ తక్కువైతే అక్కడ కొనండి. మెమరీ కార్డులు, బ్యాటరీల దగ్గర మాత్రం అలా చేయొద్దు. నకిలీలు ఎక్కువగా వచ్చేది వీటిలోనే. 128 జీబీ అని రాసి ఉన్న నకిలీ కార్డులో నిజానికి 8 జీబీయే ఉండొచ్చు. అది నిండిన తర్వాత కూడా కెమెరా మామూలుగానే ఫొటోలు తీస్తున్నట్టు చూపిస్తుంది, ఇంటికొచ్చాక తెరిస్తే ఫైళ్లు ఉండవు. అందుకే కొన్న రోజే కార్డును పూర్తిగా నింపి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, అన్నీ తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. డబ్బు తీసుకుని తీసే పనికి రెండు కార్డు స్లాట్లు ఉన్న బాడీ తీసుకోండి. ప్రతి ఫొటో రెండు కార్డుల్లోనూ పడేలా పెట్టుకుంటే ఒకటి పోయినా పని పోదు.

మొదటి ఫంక్షన్‌కు కనీసం మూడు వారాల ముందు కెమెరా మీ చేతికి రావాలి. ఆన్‌లైన్‌లో కొంటే పెట్టె తెరుస్తున్నప్పుడు ఆపకుండా వీడియో తీయండి. పెట్టె మీద, బాడీ మీద, బిల్లులో సీరియల్ నంబర్ ఒకటేనా చూసుకోండి. వారంటీ అదే రోజు రిజిస్టర్ చేయండి. తర్వాత గోడకు న్యూస్‌పేపర్లు అతికించి, కెమెరాను ట్రైపాడ్ మీద గోడకు సూటిగా పెట్టి, లెన్స్ అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి ఫొటో తీయండి. కంప్యూటర్‌లో నాలుగు మూలలూ పెద్దవి చేసి అక్షరాలు చూడండి. మూలలు నాలుగూ ఒకేలా కాస్త మసకగా ఉంటే ఫరవాలేదు. ఒక పక్క మాత్రమే మసకగా ఉంటే ఆ రోజే వెనక్కి ఇచ్చేయండి. ఆ వారంలోనే కనీసం 500 ఫొటోలు తీయండి. రెండు స్లాట్లూ, ఫ్లాష్ పెట్టే చోటూ, ప్రతి బటనూ వాడి చూడండి. ఏదైనా లోపం ఉంటే రిటర్న్ గడువు ఉండగానే బయటపడుతుంది.

ఫంక్షన్ రోజుకు మీ స్నేహితుడి కెమెరాను ఇప్పుడే అడిగి ఉంచండి. ఎక్కడ కొన్నా సరే, ఒక్క బాడీతో ఆ రోజు బయల్దేరొద్దు.