గాజువాక అమ్మాయికి లాహౌల్‌లో టీచర్ పోస్టు: పంపాలా, వద్దా?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ మ్యాథ్స్, ఆ తర్వాత బీఈడీ చేసింది. మెగా డీఎస్సీలో కొద్దిలో ఉద్యోగం తప్పిపోయింది. ఇప్పుడు గిరిజన పిల్లల కోసం కేంద్రం నడిపే ఏకలవ్య గురుకులాల్లో లెక్కల టీజీటీగా (హైస్కూల్ తరగతుల టీచర్‌గా) ఎంపికైంది. పోస్టింగ్ మాత్రం హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో ఇచ్చారు. మే నెలలో చేరాలి. మంచు కొండల్లో మారుమూల పల్లె అంటున్నారు. అమ్మాయి వెళ్తానంటోంది, వాళ్ల నాన్న వద్దంటున్నారు. ఇంట్లో సంబంధాలు కూడా చూస్తున్నాం. అక్కడ రోజు ఎలా గడుస్తుంది? పంపమంటారా?
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, పంపమనే చెప్తాను. అయితే ఇది రెసిడెన్షియల్ స్కూల్ ఉద్యోగమని, పొద్దున వెళ్లి సాయంత్రం నాలుగున్నరకు ఇంటికొచ్చేసే ఉద్యోగం కాదని అమ్మాయికి ముందే తెలిసి ఉండాలి. మీ ప్రశ్నలో చలి గురించి, దూరం గురించి భయం కనిపిస్తోంది. అలాంటి చోట్లకు వెళ్లి మానేసి వచ్చిన పిల్లలతో నేను మాట్లాడాను. చలికి భయపడి వచ్చేశామన్నవాళ్లు తక్కువ. ఇరవై నాలుగు గంటలూ పిల్లల బాధ్యత ఉంటుందని, తనకంటూ ఒక సాయంత్రం మిగలదని ఊహించలేదన్నవాళ్లే ఎక్కువ. అందుకే మీరు అడిగిన రోజు గురించే ఎక్కువగా చెప్తాను.

ముందు ఊరి సంగతి. లాహౌల్ మనాలి దాటాక వచ్చే లోయ. ఒకప్పుడు రోహ్‌తాంగ్ కనుమ మీద మంచు పడితే దాదాపు ఆర్నెల్లు దారి మూసుకుపోయేది. 2020 అక్టోబర్ 3న 9.02 కిలోమీటర్ల అటల్ టన్నెల్ తెరిచాక చలికాలంలో కూడా మనాలి నుంచి జిల్లా కేంద్రం కేలాంగ్‌కు రాకపోకలు సాగుతున్నాయి. మంచు బాగా కురిసినప్పుడు, మంచు చరియలు జారే ప్రమాదం ఉన్నప్పుడు మాత్రం కొన్ని రోజులు రోడ్డు ఆపేస్తారు. లాహౌల్-స్పితి జిల్లా మొత్తం జనాభా 2011 లెక్కల ప్రకారం 31,564. గాజువాకలో పెరిగిన అమ్మాయికి అక్కడ మొదట కొట్టొచ్చినట్టు కనిపించేది జనం లేకపోవడమే. చెనాబ్ నది పక్కన చిన్న చిన్న ఊళ్లు, బఠాణీ, బంగాళాదుంప, కాలీఫ్లవర్ పొలాలు. కేలాంగ్‌లో ఆసుపత్రి, బ్యాంకులు, బజారు ఉన్నాయి. ఉదయ్‌పూర్ దగ్గర త్రిలోకీనాథ్ గుడిలో ఒకే విగ్రహాన్ని హిందువులు శివుడిగా, బౌద్ధులు అవలోకితేశ్వరుడిగా పూజిస్తారు. అంత చిన్న సమాజంలో కొత్త టీచర్ ఎవరో వారం తిరిగేసరికి అందరికీ తెలిసిపోతుంది. ఒంటరి ఆడపిల్లకు అది చాలా వరకు రక్షణే.

ఇక రోజు. తెల్లవారుజామునే హాస్టల్ గంట మోగుతుంది. ఆ వారం డ్యూటీ మీ అమ్మాయిదైతే పిల్లల కంటే ముందే లేవాలి. ఎవరు లేచారు, ఎవరికి జ్వరం, వేడినీళ్లు ఎంతమందికి అందాయి, టిఫిన్ బాగుందా, అన్నీ చూడాలి. తర్వాత అసెంబ్లీ, క్లాసులు, భోజనం. సాయంత్రం ఆటలు, వెనకబడిన పిల్లలకు అదనపు క్లాసు. రాత్రి భోజనానికి అటూ ఇటూ స్టడీ అవర్, పడుకునే ముందు హాజరు. ఆదివారం పుస్తకాలు దిద్దుకోవచ్చని అనుకుంటుంది కానీ, ఆ రోజే ఎవరి అమ్మానాన్నలో చూడటానికి వస్తారు, ఎవరూ రాని పిల్ల ఏడుస్తూ కూర్చుంటుంది. ఆరో తరగతిలో చేరే పదకొండేళ్ల పిల్లలు ఇల్లు విడిచి రావడం అదే మొదటిసారి. ఇల్లు విడిచి రావడం మీ అమ్మాయికీ అదే మొదటిసారి కదా. వాళ్ల దిగులు ఆమెకు అర్థమవుతుంది. నా దృష్టిలో ఇది కొత్త టీచర్‌కు పెద్ద బలం.

క్లాసులో అసలు కష్టం భాష. ఆ లోయలో చాలామంది పిల్లలు ఇంట్లో పట్టనీ భాష మాట్లాడతారు, బయట హిందీ, పాఠ్యపుస్తకం ఇంగ్లీషులో. అంటే భిన్నాల లెక్క వాళ్లకు మూడో భాషలో చేరుతోంది. చెప్పే టీచర్‌కు కూడా హిందీ సొంత భాష కాదు. మొదటి నెల ఆమె హిందీ విని పిల్లలు నవ్వుతారు. కోప్పడకుండా, తప్పు చెప్పినప్పుడు సరిచేయమని వాళ్లనే అడిగితే నెల తిరిగేలోపు దగ్గరైపోతారు. సిలబస్ మొదటి పాఠంతో మొదలుపెట్టొద్దని చెప్పండి. చేరిన వారంలో నాలుగో తరగతి స్థాయి లెక్కలతో చిన్న పరీక్ష పెట్టాలి. ఎనిమిదో తరగతిలో ఉండి భాగహారం రాని పిల్లలు కనిపిస్తే కంగారు పడకూడదు. బఠాణీ బస్తా ధర, బంగాళాదుంపల తూకం, కేలాంగ్ బస్సు ఛార్జీ వంటి వాటితో లెక్కలు తయారు చేసుకుంటే పాఠం ఇంకా తొందరగా ఎక్కుతుంది. ఇంకో మాట. మంచు ప్రాంతాల స్కూళ్లకు సీబీఎస్‌ఈ ప్రాక్టికల్ పరీక్షలు నవంబర్, డిసెంబర్ నెలల్లోనే పెడుతుంది. మన దగ్గరిలాగా సంక్రాంతి తర్వాత చూసుకుందాంలే అనుకుంటే కుదరదు.

హిందీ ఎంత వచ్చని మీరు రాయలేదు. దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు రాసి ఉంటే చదవడం, రాయడం వస్తాయి, నోరు మాత్రం తిరగదు. చేరేలోపు రోజూ ఒక గంట ఎవరితోనైనా హిందీలోనే మాట్లాడమనండి. గాజువాక, స్టీల్ ప్లాంట్, నేవీ వైపు హిందీ మాట్లాడే కుటుంబాలు బోలెడు ఉన్నాయి కదా.

చలి గురించి కూడా దాచకుండా చెప్పాలి. లంబసింగిలో ఒక రాత్రి వణికి, మర్నాడు ఎండకు కిందికి దిగిపోయిన అనుభవం దీనికి సరిపోదు. అక్కడ నెలల తరబడి అదే చలి. కుళాయి గొట్టాల్లో నీళ్లు గడ్డకడతాయి కాబట్టి రాత్రంతా సన్నటి ధార వదిలేస్తారు, బకెట్లు గదిలోనే నింపి పెట్టుకుంటారు. కరెంటు పోతుంది. గది మధ్యలో కట్టెలతో మండే ఇనప పొయ్యి ఉంటుంది, దాన్ని అక్కడ తందూర్ అంటారు. దాన్ని వెలిగించడం, పొగ గొట్టం సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం మొదటి నెలలోనే నేర్చుకోవాలి. నిప్పు ఉన్న గదిని పూర్తిగా మూసేసి పడుకోకూడదు. ప్రాణం మీదికి వచ్చే విషయం కనుక దీన్ని గట్టిగా చెప్పండి. ఎత్తు వల్ల నీళ్లు తొంభై డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, కందిపప్పు మామూలు గిన్నెలో ఉడకదు. కుక్కర్, చింతపండు, ఇంగువ, ఆవకాయ ఇక్కడి నుంచే సర్దండి. మెస్‌లో రొట్టె, రాజ్మా, అన్నం తప్ప మన వంట ఆశించకూడదు. థర్మల్ లోదుస్తులు ఇక్కడ కొనండి. బరువైన కోటు, బూట్లు కుల్లు, మనాలిలోనే కొంటే మంచిది, అక్కడివాళ్లకు ఏది పనికొస్తుందో తెలుసు.

వెళ్లే ముందు రక్తంలో హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. ఉబ్బసం ఉంటే డాక్టర్‌ను అడగకుండా పంపొద్దు. దారిలో మనాలిలో ఒక రాత్రి ఆగి పైకి వెళ్లాలి. చేరిన మొదటి రెండు రోజులు బరువులు మోయకుండా నీళ్లు ఎక్కువ తాగాలి. మే నెలలో చేరడం అదృష్టమే. మొదటి చలికాలం వచ్చేలోపు ఒంటికి అలవాటు పడే టైం దొరుకుతుంది.

మనసుకు కష్టమైన రోజులు అక్టోబర్ చివర్లో మొదలవుతాయి. పగలు చిన్నదైపోతుంది, సాయంత్రం కాకముందే ఎండ కొండ వెనక్కి పోతుంది, కొత్తదనం కూడా తీరిపోయి ఉంటుంది. ఆ రోజుల్లో ఇంటి నుంచి రోజుకు నాలుగు ఫోన్లు చేసి 'తిన్నావా, చలేస్తోందా, వచ్చేస్తావా' అని అడిగితే ఆమె అక్కడ నిలబడలేదు. రోజుకు ఒక టైం పెట్టుకోండి. మంచు కురిసినప్పుడు రెండు మూడు రోజులు సిగ్నల్ లేకపోవచ్చు. టెన్షన్ పడకుండా ఉండాలంటే స్కూల్ ఆఫీసు నంబరు, తోటి టీచర్లలో ఇద్దరి నంబర్లు ముందే తీసుకోండి.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. టీజీటీకి కేంద్ర ప్రభుత్వ వేతన శ్రేణుల్లో లెవెల్ 7, మూల వేతనం 44,900 రూపాయలు, దాని మీద కరువు భత్యం. మన రాష్ట్రంలో స్కూల్ అసిస్టెంట్ మూల వేతనం 44,570. మూల వేతనంలో పెద్ద తేడా లేదు, కాబట్టి జీతం కోసమే వెళ్లమని నేను చెప్పను. క్వార్టర్ ఇస్తే ఇంటద్దె భత్యం రాదు. ఖర్చు తక్కువ కాబట్టి మిగులు మాత్రం బాగుంటుంది. ఏడాదిలో ఆంధ్రాకు బదిలీ వచ్చేస్తుందన్న ఆశతో మాత్రం పంపొద్దు. కనీసం మూడేళ్లు అక్కడే అనుకుని నిర్ణయం తీసుకోండి. ఈలోపు అనుమతి పత్రం తీసుకుని డీఎస్సీ, కేంద్రీయ విద్యాలయ, నవోదయ పరీక్షలు రాసుకోవచ్చు. 16,347 పోస్టులతో వచ్చిన మెగా డీఎస్సీ లాంటి నోటిఫికేషన్ మళ్లీ ఎప్పుడొస్తుందా అని గాజువాకలో ఖాళీగా ఎదురుచూడటం కంటే, క్లాసులో పాఠం చెబుతూ చదువుకోవడం ఆమెకు మేలు.

సంబంధాల గురించి. ఉద్యోగంలో చేరిందని చెప్పి చూడండి. పోస్టింగ్ ఎక్కడో దాచకండి. లాహౌల్ పేరు వినగానే వెనక్కి తగ్గే సంబంధం, రేపు ఆమె ఏ ఏజెన్సీ మండలానికి బదిలీ అయినా పేచీ పెట్టే సంబంధమే. అక్కడ పెద్ద సెలవులు ఎప్పుడొస్తాయో చేరగానే కనుక్కోమనండి. పెళ్లిచూపులు అప్పుడు పెట్టుకోండి.

వాళ్ల నాన్నగారికి నాదొక విన్నపం. వద్దని చెప్పేముందు అమ్మాయిని తీసుకుని ఒకసారి అరకు వైపు వెళ్లండి. డుంబ్రిగూడ, ముంచంగిపుట్టు మండలాల్లోనూ ఏకలవ్య గురుకులాలు ఉన్నాయి. హర్యానా, రాజస్థాన్ లాంటి రాష్ట్రాల నుంచి తెలుగు ఒక్క ముక్క రాకుండా వచ్చి మన తెలుగు రాష్ట్రాల ఏకలవ్య స్కూళ్లలో పనిచేస్తున్న టీచర్లు ఉన్నారు. మీ అమ్మాయి అక్కడ ఎదుర్కోబోయేది వాళ్లు ఇక్కడ ఎదుర్కొంటున్నారు. ప్రిన్సిపాల్‌ను అడిగి అలాంటివారితో కాసేపు కూర్చోండి. రాత్రి డ్యూటీ వారానికి ఎన్నిసార్లు పడుతుంది, పిల్లకు రాత్రిపూట జ్వరం వస్తే ఎవరు తీసుకెళ్తారు, సెలవు అడిగితే ఎంత సులభంగా ఇస్తారు, భాష రాక మొదటి నెల ఎలా నెట్టుకొచ్చారు అని అమ్మాయినే అడగనివ్వండి. వీలైతే రాత్రి స్టడీ అవర్ దాకా ఉండి చూడమనండి.

అది చూశాక కూడా వెళ్తానంటే ఇక ఆపొద్దు. అంగీకార పత్రం గడువులోపు పంపండి, వైద్య ధ్రువపత్రం, ఒరిజినల్ సర్టిఫికెట్లు సిద్ధం చేయండి. విశాఖ నుంచి ఢిల్లీకి ఏపీ ఎక్స్‌ప్రెస్, అక్కడి నుంచి రాత్రి బస్సులో మనాలి, అక్కడ ఒక రాత్రి ఆగి మర్నాడు టన్నెల్ దాటి లాహౌల్. మధ్యలో విశ్రాంతితో కలిపి నాలుగైదు రోజులు చేతిలో ఉంచుకుని బయల్దేరాలి. రైలు టికెట్లు రెండు తీయండి. మొదటిసారి నాన్నగారు తోడు వెళ్లి, ఆ గది, ఆ స్కూలు, ఆ పిల్లలను కళ్లారా చూసి రావాలి.