పిక్కలు కొట్టే చేతులకు వేలిముద్ర పడదు

"ఇప్పుడు అందరి చేతిలో ఫోన్ ఉంది కదా, పల్లెల్లో ఇంకా డిజిటల్ సేవా కేంద్రాలు అవసరమా?" అని అడిగారు. కచ్చితంగా అవసరం. కాకపోతే ఇప్పుడున్న తీరులో కాదు.

మాది పలాస దగ్గర పల్లె. మా పిన్ని జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. తొక్కలో ఉండే జీడి చర్మాన్ని కాల్చేస్తుంది. బూడిదో ఆముదమో రాసుకుని కూర్చున్నా వేళ్లు నల్లబడి, పొరలు లేచిపోయి, గీతలు అరిగిపోతాయి.

రేషన్ కార్డు ఈకేవైసీ కోసం ఆమెను ఒక కేంద్రానికి తీసుకెళ్లాను. ఆపరేటర్ చేతులు కడుక్కోమన్నాడు, గుడ్డతో తుడిపించాడు, ఒక్కో వేలూ పెట్టించాడు. ఎర్ర లైటే. "ఏటి బాబూ, మనిషిని ఎదురుగా ఉన్నాను కదా, నా యేళ్లెందుకు పడవు?" అంది పిన్ని. వెనక లైన్లో ఎవరో నవ్వారు. నాకు కడుపు మండిపోయింది. సరే, ఓటీపీతో చేద్దామన్నారు. ఆధార్‌కి ఉన్నది బాబాయి నంబరు. ఆయన చెన్నైలో బిల్డింగ్ పనిలో ఉన్నాడు, పని మీద ఉంటే ఫోన్ ఎత్తడు. తిరిగి చేసేసరికి ఓటీపీ టైం అయిపోయింది. పిన్నికి ఆ పూట కూలి పోయింది. అందరి దగ్గరా ఫోన్ ఉందనే వాళ్లు ఆ ఫోన్ ఏ ఊళ్లో ఉందో కూడా అడగాలి.

తర్వాత గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ అమ్మాయి కంటిపాపను గుర్తుపట్టే ఐరిస్ మెషిన్ తీసి, "రెప్ప వేయకుండా ఇటు చూడండమ్మా" అంది. అంతే, అయిపోయింది. ఆధార్ తీసిన రోజే పది వేళ్లతో పాటు రెండు కళ్లూ తీసి పెట్టారు కదా! జీడి పనివాళ్లున్న ప్రాంతంలో ప్రతి కేంద్రంలోనూ ఆ మెషిన్ ముందే ఎందుకు ఉండదు?

2011లో మీసేవ వచ్చాక సర్టిఫికెట్ల కోసం మండలాఫీసు చుట్టూ తిరగడం తగ్గింది. 2019లో గ్రామ సచివాలయాలు ఊళ్లోకే వచ్చాయి. 2025లో ప్రభుత్వ సేవల కోసం వాట్సాప్‌లో 'మన మిత్ర' పెట్టారు. అన్నీ మంచివే. కానీ వాట్సాప్‌లో మెనూ చదివి నొక్కడం మా పిన్నికి రాదు, ఆమెకు పక్కన కూర్చుని చేసిపెట్టే మనిషి కావాలి.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను మా వైపు స్తంభాలన్నీ పడగొట్టింది. రోజుల తరబడి కరెంటు లేక, వలస వెళ్లినవాళ్లకు ఇక్కడ బతికే ఉన్నామని చెప్పడానికి కూడా ఫోన్లలో చార్జింగ్ లేదు. సముద్రం ఒడ్డు మండలాల్లో కేంద్రం పెడితే సోలార్, బ్యాటరీ లేకుండా పెట్టకూడదు.

టైమింగ్స్ అయితే మరీ అన్యాయం. ఫ్యాక్టరీ వదిలేసరికి కేంద్రం తలుపులు మూసేస్తారు. వారంలో రెండు రోజులైనా రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంచితే ఈ ఆడవాళ్లకు కూలి పోదు. మీ ఊళ్లో కేంద్రం పెట్టే ఆలోచన ఉంటే కంప్యూటర్ల లెక్క తర్వాత, ముందు ఆ ఊరి జనం ఏ పని చేస్తారో, ఎన్నింటికి ఇంటికొస్తారో కనుక్కోండి.