స్టైరీన్ ట్యాంకుల దగ్గర పనికి చేరుతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ ద్రవం ట్యాంకుల దగ్గర షిఫ్టు ఆపరేటరుగా చేరుతున్నావని అక్కయ్య ఫోనులో చెప్పింది. చాలా ఏళ్లు ఆ పనే చేసినవాణ్ణి కనుక నాలుగు మాటలు రాస్తున్నాను.

స్టైరీన్‌కు నిప్పు భయం ఉన్నమాట నిజమే. 31 డిగ్రీల వేడికే అంటుకోగల ఆవిరినిస్తుంది. అది గాలికంటే 3.6 రెట్లు బరువు కాబట్టి నేలబారున కాలువల్లోకి, గుంటల్లోకి పాకుతుంది. అయినా నేను ఎక్కువగా భయపడింది ట్యాంకులో కదలకుండా నిలవున్న సరుకుకే. దాని అణువులు తమంతట తామే గొలుసుగా అతుక్కుంటూ వేడి పుట్టిస్తాయి, ఆ వేడికి అతుక్కోవడం మరింత జోరందుకుంటుంది. దాన్ని ఆపడానికే టీబీసీ అనే నిరోధక రసాయనం కలుపుతారు, అదీ స్టైరీన్‌లో ఆక్సిజన్ కరిగి ఉంటేనే పనిచేస్తుంది. అందుచేత టీబీసీ 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో పది భాగాలు) కంటే తగ్గిందని ల్యాబ్ వాళ్లు రాస్తే నీ షిఫ్టులోనే కలిపించు, మర్నాటి జనరల్ షిఫ్టు మీదికి తొయ్యకు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో 12 మంది ప్రాణాలు తీసింది ఇలా కాగిన ట్యాంకులోంచి వచ్చిన ఆవిరే. లాక్‌డౌన్‌లో ఆ సరుకు వారాల తరబడి కదలలేదు. వేడిని కొలిచే సాధనం అడుగున ఉంటే, పైపొరలు కాగిపోయాయి. కాబట్టి కంట్రోల్ రూములో కనబడే ఒక్క అంకెతో తృప్తిపడకు. పైన, మధ్యన, అడుగున ఎంతెంత ఉందో విడివిడిగా అడుగు. రాత్రి సరుకును చల్లబరిచే చిల్లర్ ఆపమంటే, ఎవరు ఎందుకు ఆపమన్నారో లాగ్‌బుక్కులో రాసి సంతకం పెట్టించు.

నేను పనిచేసిన చోట ఒకసారి ట్యాంకు ఆవిరి బయటికి పోయే వెంట్ మీది, మంట లోపలికి పాకకుండా ఆపే ఫ్లేమ్ అరెస్టర్ విప్పితే, లోపలి జల్లెడంతా గాజులాంటి ముద్దతో పూడిపోయి ఉంది. ఉలితో కొట్టినా ఊడలేదు. టీబీసీ ద్రవంలోనే ఉండిపోతుంది, ఆవిరితో పైకి రాదు. అందుకే అక్కడ గడ్డకట్టింది. తనిఖీ కాగితాల్లో మాత్రం మూడు నెలలుగా ‘బాగుంది’ అనే ఉంది, అందులో రెండు సంతకాలు నావే.

దాని తియ్యని వాసనకు ముక్కు త్వరగా అలవాటుపడుతుంది. వాసన తెలియడం లేదని మాస్కు తీస్తే తల తిరుగుతుంది, కళ్లు మండుతాయి, ఏళ్ల తరబడి పీలిస్తే నరాలు దెబ్బతింటాయి. పైగా దీన్ని క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న పదార్థాల జాబితాలోనూ చేర్చారు. దుమ్ముకు కట్టుకునే మాస్కు దీనికి పనికిరాదు.

కారితే నీటి మీద తేలుతుంది, చేపలకు విషం. ట్యాంకు చుట్టూ కట్టిన డైక్ నుంచి వాననీరు బయటికి పోయే వాల్వు మూసే ఉంచు. తెరిచే ముందు నీటి మీద తెట్టు ఉందేమో వంగి చూడు. అంటుకుంటే నురుగు కొట్టాలి, నీళ్లు పక్క ట్యాంకులను చల్లబరచడానికే.

చేరిన మొదటి రోజున గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ గాలిగొట్టం ఎక్కడి నుంచి కనబడుతుందో చూసుకో. అక్కయ్యను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య