న్యూజెర్సీలో ఇన్సూరెన్స్ లేని మనిషికి తాగుడు మాన్పించే చికిత్స ఎక్కడ దొరుకుతుంది?

న్యూజెర్సీలో ఉంటున్న మీ తమ్ముడికి ఉద్యోగంతో పాటే ఇన్సూరెన్స్ కూడా పోయిందని, రోజూ తాగుతున్నాడని, డబ్బు లేనివారికి ప్రభుత్వ బీమా, వ్యసన చికిత్స ఎలా దొరుకుతాయని అడిగారు. నా సమాధానం మొదటే చెబుతాను. ముందు బీమా కార్డు చేతికి రావాలి, ఆ తరువాతే చికిత్స అనుకొని కూర్చోకండి. రెండిటికీ ఒకే రోజు ఫోన్ చేయండి. అందులోనూ మొదటి ఫోన్ చికిత్స కోసమే చేయండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా పెదనాన్నగారి అబ్బాయి. ఆయన గ్యాస్ స్టేషన్‌లో రాత్రి షిఫ్టు చేసేవాడు. పౌరసత్వం వచ్చి చాలా కాలమైనా బీమా మాత్రం ఏనాడూ లేదు. పని గంటలు తగ్గించాక తాగుడు పగటికి కూడా పాకింది. ఒక ఆదివారం దేవుడి పటం ముందు ఒట్టు వేసుకొని, ఇంట్లో ఉన్న సీసాలన్నీ సింకులో ఒంపేశాడు. వదిన ఎంతో సంతోషించింది. మరునాటికి ఆయన కాఫీ కప్పును రెండు చేతులతో పట్టుకున్నా, నోటిదాకా చేరేలోపే సగం చొక్కా మీద ఒలికిపోతోంది. నాకు కబురు వచ్చింది అప్పుడే.

నేను వెళ్లేసరికి వదిన కిటికీలన్నీ మూసేసింది. ఫోన్ స్పీకర్‌లో పెట్టబోతే, "నెమ్మదిగా మాట్లాడు, గోడ అవతల ఉన్నది మనవాళ్లే" అని నా చేయి పట్టుకొని ఆపింది. గూగుల్‌లో అన్నిటికంటే పైన కనిపించిన నంబరుకు ఆమె అప్పటికే ఫోన్ చేసి ఉండడంతో, వాళ్లే మళ్లీ చేశారు. అవతలి మనిషి ఎంతో మర్యాదగా మాట్లాడాడు, కానీ అడిగిన మొదటి ప్రశ్న "మీ ఇన్సూరెన్స్ ఏ కంపెనీది?" అని. లేదని చెప్పగానే కనుక్కొని చెబుతానన్నాడు, మళ్లీ చేయలేదు. పైన కనిపించే ఆ ప్రకటనలలో చాలావరకు ఆసుపత్రులవి కావు, రోగులను కేంద్రాలకు చేరవేసి కమిషన్ తీసుకొనే దళారులవే అని నా నమ్మకం. ఇలా ముడుపులు తీసుకోవడాన్ని నేరంగా పరిగణిస్తూ 2018లో ఫెడరల్ చట్టమే వచ్చిందంటే, ఈ వ్యాపారం ఏ స్థాయికి పెరిగిందో ఊహించుకోండి.

తరువాత వ్యసన చికిత్స కోసం రాష్ట్ర ప్రభుత్వం నడిపే రీచ్ ఎన్‌జే నంబరు 1-844-732-2465కు ఫోన్ చేశాను. రాత్రీ పగలూ పనిచేసే ఈ లైన్‌కు బీమా లేనివారు కూడా ఫోన్ చేయవచ్చు. అక్కడ మాట్లాడిన ఆమె ఇన్సూరెన్స్ సంగతి ఎత్తనే లేదు. చివరిసారి ఎప్పుడు తాగాడు, రోజుకు ఎంత తాగేవాడు, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అని అడిగింది. జవాబులు విని, చికిత్స కేంద్రంలో పడక కోసం ఎదురుచూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకువెళ్లమంది. రోజూ విపరీతంగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు రోజులలో మూర్ఛ రావచ్చు. రెండో రోజు దాటాక మతిభ్రమణం, జ్వరం, గుండెదడ కలిసి వచ్చి ప్రాణం మీదికి కూడా తేవచ్చు. ఒట్టు వేసి మాన్పించే మన పద్ధతిలో ఉన్న ప్రమాదం ఇదే. మీ తమ్ముడిని కూడా డాక్టరుతో మాట్లాడకుండా హఠాత్తుగా మానేయమని ఒత్తిడి చేయకండి.

ఎమర్జెన్సీ బిల్లుకు భయపడి చాలామంది వెనకాడతారు. 1986 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, డబ్బు కట్టగలరా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా, వచ్చిన మనిషిని పరీక్షించి ప్రమాదం తప్పించవలసిన బాధ్యత ఆసుపత్రిదే. మా అన్నయ్యను నర్సు చేతులు ముందుకు చాచి వేళ్లు విడదీయమంది, ఆ వణుకు ఎంత ఉందో చూసి కాగితం మీద అంకె వేసుకుంది. చెమట పడుతోందా, గోడ మీద ఏమైనా పాకుతున్నట్టు కనిపిస్తోందా అని అడిగి, వాటికీ అంకెలు వేసింది. ఆ మొత్తాన్ని బట్టే ఔషధం ఎంత ఇవ్వాలో నిర్ణయించారు. ఆయన అక్కడ ఉండగానే ఆసుపత్రి ఫైనాన్షియల్ కౌన్సిలర్ వచ్చి బీమా దరఖాస్తు నింపించింది. మీరు కూడా ఫైనాన్షియల్ కౌన్సిలర్‌ను పంపమని అడగండి, అడగనిదే రాకపోవచ్చు.

బీమా విషయానికి వస్తే, తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే బీమా పేరు మెడికెయిడ్, దాన్ని న్యూజెర్సీలో ఎన్‌జే ఫ్యామిలీకేర్ అంటారు. పిల్లలు లేని పెద్దవారికి కూడా 2014 నుంచి ఇది వర్తిస్తోంది. ఆదాయ పరిమితి ఫెడరల్ పేదరిక రేఖకు 138 శాతం, అంటే 2025 లెక్కన ఒంటరి మనిషికి నెలకు సుమారు 1,800 డాలర్లు. ఇక్కడ అందరూ తికమకపడే విషయం ఒకటి ఉంది. వాళ్లు చూసేది ఇప్పుడు నెలకు వస్తున్న ఆదాయాన్నే. కిందటి ఏడాది మంచి జీతం వచ్చిందని మీ తమ్ముడు తనకు అర్హత లేదనుకుంటే పొరపాటు. దరఖాస్తుకు గడువు లేదు, ఏడాదిలో ఎప్పుడైనా ఆన్‌లైన్‌లో గానీ కౌంటీ సోషల్ సర్వీసెస్ ఆఫీసులో గానీ ఇవ్వవచ్చు. ఆదాయం పరిమితి దాటితే, పాత బీమా పోయిన 60 రోజులలోపు, రాష్ట్రం నడిపే బీమా మార్కెట్ గెట్ కవర్డ్ ఎన్‌జేలో పాలసీ తీసుకోవచ్చు. ఇవేవీ కాకపోతే ఆసుపత్రి బిల్లుకు చారిటీ కేర్ అనే రాష్ట్ర పథకం ఉంది. ఆదాయం పేదరిక రేఖకు 200 శాతం లోపు ఉండి, ఆస్తులు కూడా పరిమితికి మించకపోతే బిల్లు పూర్తిగా మాఫీ అవుతుంది. డాక్టర్లు విడిగా పంపే బిల్లులకు మాత్రం అది వర్తించదు.

రీహాబ్‌లో, అంటే వ్యసన చికిత్స కేంద్రంలో, ఉండటానికి మెడికెయిడ్ డబ్బు ఇవ్వదని మీకు ఎవరో ఒకరు తప్పక చెబుతారు, వాట్సాప్ గ్రూపులలో ఈ మాట స్థిరపడిపోయింది. 16 పడకలు దాటిన కేంద్రాలకు చెల్లించకూడదన్న పాత నిబంధన ఉన్నమాట నిజమే కానీ, న్యూజెర్సీ 2017లోనే దానికి మినహాయింపు తెచ్చుకుంది. కేంద్రానికి ఫోన్ చేసినప్పుడు ఫ్యామిలీకేర్ తీసుకుంటారా, బీమా లేనివారికి రాష్ట్ర నిధులతో నడిచే పడక ఉందా అని రెండూ కలిపి అడగండి.

ఒంట్లోంచి మద్యాన్ని క్షేమంగా వదిలించే డీటాక్స్ కొద్ది రోజులలో అయిపోతుంది, అసలు చికిత్స ఆ తరువాతే మొదలవుతుంది. తాగాలన్న యావను తగ్గించే నాల్‌ట్రెక్సోన్ అనే ఔషధాన్ని మద్య వ్యసనానికి 1994లోనే ఆమోదించారు. అయినా మనవాళ్లలో దాని పేరు విన్నవారు నాకు దాదాపు కనబడలేదు. మనోబలం ఉంటే చాలు అని ఉపదేశించే పెద్దమనుషులు మాత్రం ప్రతి ఇంట్లో ఉన్నారు. లక్షల డాలర్లతో మహాసభలు జరిపే మన సంఘాలు ఇలాంటి కుటుంబాల కోసం తెలుగులో మాట్లాడే ఒక్క ఫోన్ లైన్ నడపలేవా అన్నది నా చాలాకాలపు బాధ. గోడ అవతలివారికి తెలుస్తుందని వదిన పడిన భయానికి నేను చెప్పిన జవాబు మీకూ చెబుతాను. వ్యసన చికిత్స రికార్డులకు మామూలు వైద్య రికార్డుల కంటే కఠినమైన ఫెడరల్ రక్షణ 1970ల నుంచీ ఉంది. ప్రాణాపాయం, కోర్టు ఉత్తర్వు వంటి కొన్ని సందర్భాలలో తప్ప, రాతపూర్వక అనుమతి లేకుండా ఫలానా వ్యక్తి తమ దగ్గర చికిత్స పొందుతున్నాడని కూడా ఆ కేంద్రం చెప్పకూడదు.

మీ తమ్ముడిది ఏ వీసానో మీరు రాయలేదు. గ్రీన్ కార్డు ఉన్న పెద్దవారికి సాధారణంగా ఐదేళ్లు నిండితేనే మెడికెయిడ్ వస్తుంది, హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవారికి అత్యవసర చికిత్సకు తప్ప రాదు. అలాంటప్పుడు ఫెడరల్ నిధులతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌కు వెళ్లండి. అక్కడ ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారు, డబ్బు లేదని తిప్పి పంపరు. నాల్‌ట్రెక్సోన్ చీటీ అక్కడి డాక్టరే రాయగలరు. వేరే రాష్ట్రంలో ఉండి ఇది చదువుతున్నవారికి, వ్యసనాల, మానసిక ఆరోగ్య విషయాలు చూసే ఫెడరల్ సంస్థ సామ్సా వారి ఉచిత నంబరు 1-800-662-4357.

బీమా వచ్చాక ఇల్లు మారితే చిరునామా వెంటనే మార్పించండి, ఎందుకంటే రెన్యూవల్ ఉత్తరం అందక కార్డు పోగొట్టుకున్న అర్హులు ఎందరో ఉన్నారు. 2025లో వచ్చిన చట్టం వల్ల, 2027 జనవరి నుంచి మెడికెయిడ్ కావాలంటే మీ తమ్ముడి వంటివారు నెలకు 80 గంటల పని గానీ చదువు గానీ చూపించవలసి ఉంటుంది. వ్యసనానికి చికిత్స పొందుతున్నవారికి దీని నుంచి మినహాయింపు ఉంది కానీ, ఆ సంగతి ఋజువు చేసుకోవలసి రావచ్చు. కాబట్టి కేంద్రం లెటర్‌హెడ్ మీద, చేరిన తేదీతో సహా ఒక ఉత్తరం ఇప్పుడే రాయించుకొని దగ్గర ఉంచుకోండి.