శ్రీకాకుళం జిల్లా మందస వెళ్లాక మహేంద్రగిరి కొండకి కారు దారి దొరకట్లేదా?

మ్యాప్‌లో కొండ మందసను ఆనుకున్నట్టు కనిపిస్తుంది, మీరు అక్కడే ఆగిపోయింది అందుకే. అటు నుంచి ఉన్నది నడకదారి. కారు దారి ఒడిశా గజపతి జిల్లా వైపుంది.

1. పాతపట్నం మీదుగా పర్లాకిమిడి చేరండి.

2. చాలామంది మరిచేది ఇదే: మ్యాప్‌లో నేరుగా శిఖరం పెట్టకండి, ముందు కొండకి వెళ్లే దారిలోని కోయిన్‌పూర్ ఊరు పెట్టుకోండి, పర్లాకిమిడిలోనే మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుని పెట్రోలు కొట్టించండి, ఎందుకంటే కొండ మీద సిగ్నల్‌ను నమ్ముకోలేం.

3. పొద్దున్నే బయల్దేరండి. 1501 మీటర్ల ఎత్తు, మంచు కమ్మితే మలుపులు కనబడవు.

భీముడి గుడి శిఖరం మీదుంది. కుంతి గుడి మాత్రం వదలొద్దు, ఒకప్పుడు కళింగను ఏలిన తూర్పు గాంగ రాజులు ఇలవేల్పుగా కొలిచిన గోకర్ణేశ్వరుడు అక్కడే ఉన్నాడు.