బ్రాకియోపాడ్‌ని ఆల్చిప్ప అనవచ్చా?

సందేహం: పిల్లల పత్రికకు శిలాజాల మీద వ్యాసం రాస్తూ ‘డెవోనియన్ కాలం (దాదాపు 42–36 కోట్ల ఏళ్ల కిందటి కాలం) నాటి మ్యూక్రోస్పిరిఫర్ జాతి ఆల్చిప్ప’ అన్నాను. అది బ్రాకియోపాడ్ (రెండు చిప్పల మధ్య బతికే ఒక రకం సముద్రజీవి) కాబట్టి ‘ఆల్చిప్ప’ తప్పు, ‘దీపపు చిప్ప’ అనాలి అన్నారొక మిత్రులు. ఏది సరి? ‘జాతి’ అనడమైనా సరైనదేనా?

సమాధానం: మీ మిత్రుల అభ్యంతరం న్యాయమైనదే. ఆయన సూచించిన మాట మాత్రం వద్దు. కొన్ని బ్రాకియోపాడ్లు పాతకాలపు రోమన్ నూనె దీపంలా ఉంటాయని ఇంగ్లీషువాళ్లు అలా పిలుచుకున్నారు. మ్యూక్రోస్పిరిఫర్‌కి ఆ పోలికే లేదు. దాని చిప్పలు రెండు పక్కలకూ రెక్కల్లా సాగి, చివర మొనదేలి ఉంటాయి. ‘మ్యూక్రో’ అంటే లాటిన్‌లో మొన అనే.

ఇక ఆల్చిప్ప సంగతి. ఆల్చిప్పలోది నత్తలకు చుట్టమైన మెత్తని జీవి. బ్రాకియోపాడ్ల వర్గమే వేరు. రెండు చిప్పల మధ్య బతకడం ఒక్కటే పోలిక. ఒడ్డున దొరికే, ఆల్చిప్ప కోవకే చెందిన మామూలు గుల్లను చూడండి: దాని చిప్పలు జీవికి కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, సాధారణంగా ఒకదానికొకటి సరిజోడు. (ముత్యపు చిప్పల వంటి వాటిలో ఈ జోడు కుదరదు.) బ్రాకియోపాడ్‌కి ఒకటి పైన, ఒకటి కింద. మ్యూక్రోస్పిరిఫర్‌ని చేతిలోకి తీసుకుంటే ఇది కళ్లకు కడుతుంది. ఒక చిప్ప నడుమ గట్టులాంటి ఉబ్బు, రెండో చిప్ప నడుమ దానికి సరిపడే గాడి. అంటే చిప్పలు రెండూ ఒకేలా లేవు. కానీ ఆ గట్టు మీదుగా నిలువు గీత గీస్తే ఎడమ సగం, కుడి సగం అచ్చంగా ఒకటే. లోపల మేత పట్టే అవయవానికి ఆధారంగా సుడి తిరిగిన సున్నపు చట్రాలు రెండు, చెరో రెక్కవైపు తిరిగి ఉంటాయి. ‘స్పిరిఫర్’ అంటే సుడిని మోసేది.

పోలికను బట్టి పేరు పెట్టడం తప్పని నేననను. ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ ప్రాంతపు డెలబోల్ పలక గనిలో దొరికే ఇలాంటి డెవోనియన్ శిలాజాన్నే ‘డెలబోల్ సీతాకోకచిలుక’ అంటారు. చైనాలో వీటికి ‘రాతి స్వాలో పిట్ట’ అని పేరు, నూరి మందుగానూ వాడారు. అవి విని ఎవరూ రాతిలో నిజంగా సీతాకోకచిలుక ఉందనుకోరు. ‘ఆల్చిప్ప’ అలా కాదు. రెండూ సముద్రజీవులే, రెండింటికీ చిప్పలే, కాబట్టి పిల్లలు అది నిజమనే నమ్ముతారు. పోలిక మరీ దగ్గరైనచోటే పేరు మోసం చేస్తుంది.

అందుకని జీవిని ‘బ్రాకియోపాడ్’ అనే రాయండి. బహువచనం ‘బ్రాకియోపాడ్లు’. దాని రెండు భాగాలను ‘చిప్పలు’ అనడానికి ఏ అడ్డూ లేదు. కొబ్బరి చిప్ప, మోకాలి చిప్ప అంటున్నాం కదా, ఆ మాట ఏ ఒక్క జీవికీ సొంతం కాదు.

‘జాతి’ విషయంలో మీ వాక్యం దిద్దుకోవాలి. ‘ఒంగోలు జాతి గిత్త’ అన్నప్పుడు జాతి వేరు, జీవశాస్త్రంలో జాతి వేరు. మన పాఠ్యపుస్తకాల్లో దగ్గర చుట్టాలైన జాతుల గుంపును ‘ప్రజాతి’ అంటారు. మ్యూక్రోస్పిరిఫర్ ప్రజాతి. అందులో ఒక జాతి మ్యూక్రోస్పిరిఫర్ మ్యూక్రొనేటస్. కెనడాలోని ఆంటారియోలోనూ, అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలోనూ మధ్య డెవోనియన్ పొరల్లో దొరుకుతుంది. ఆ పొరల వయసు సుమారు 38–39 కోట్ల ఏళ్లు. మీ శిలాజం ఏ జాతిదో తేలకపోతే ప్రజాతి పేరుతోనే ఆగండి: ‘డెవోనియన్ కాలం నాటి మ్యూక్రోస్పిరిఫర్ అనే బ్రాకియోపాడ్ శిలాజం’.